రమ్ము లేని పోంచక్రెమ్

ఎర్మీన్ వాళ్ళ నిమ్మచెట్టు మొదట్లో గుడ్డు పెంకులు కుప్పగా పడి ఉండడం నేను అక్టోబరులో చూశాను. మా లోపినో లోయలో ఎవరైనా అన్నేసి గుడ్లు కొట్టేది క్రిస్మస్‌కే, గుడ్లూ పాలూ రమ్మూ కలిపి చేసే పోంచక్రెమ్ కోసం. మరి అక్టోబరులో ఎందుకు? అదీగాక ఆ ఇంట్లో రమ్ము సీసా అడుగుపెట్టి చాలా కాలమైంది. ఎర్మీన్ మొగుడు సిప్రియన్ ఈస్టర్‌కి ముందు నెత్తురు కక్కుకుని, ఆ రోజే తాగుడు మానేశాడు. రమ్ము లేకుండా పోంచక్రెమ్ ఎవరైనా చేస్తారా? పక్కింట్లో ఇంత జరుగుతుంటే తెలుసుకోకుండా ఊరుకోవడం నా వల్ల కాదు. నిమ్మకాయలు అడిగే వంకతో వెళ్ళాను.

ఎర్మీన్ వంటింట్లో గుడ్లు గిలకొడుతోంది. నీచు పోవడానికి అందరిలాగే గిన్నెలో నిమ్మతొక్క వేసింది. నన్ను చూసి గిన్నె దాచబోయి, దాచలేక, పాలు కలిపి చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది.

"తాగి చెప్పక్కా. మొహమాటపడకు."

తాగాను. "నీచు," అన్నాను. "కోళ్ళగూడు కడిగిన నీళ్ళలా ఉంది."

"అదే కదా నా ఏడుపు. రమ్ము పడకపోతే ఈ నీచు చావట్లేదు."

"అయితే ఎందుకే ఈ అవస్థ? ఈసారికి మానెయ్యరాదూ."

ఎర్మీన్ చేతులు తుడుచుకుని కూర్చుంది. క్రిస్మస్‌కి పరాంగ్ పాటగాళ్ళు ఇంటింటికీ వచ్చి గుమ్మం ముందు పాడతారు. తలుపు తీసి పోంచక్రెమ్ గ్లాసు చేతికివ్వాలి. ఆ జట్టుకి ముందు నిలబడి పాడేది ఇన్నేళ్ళూ సిప్రియనే. ఈసారి మాత్రం దీపం ఆర్పేసి, ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చుందామన్నాడట.

"తలుపు తియ్యకపోతే పోనీలే అనుకుందును," అంది ఎర్మీన్. "కానీ తాగుడు మానినప్పటినుంచీ ఆయన నోట పాట లేదక్కా. ఆరబోసిన కోకో గింజలు తిరగేస్తూ కూనిరాగమైనా తియ్యట్లేదు. ఆ రోజు కూడా నోరు మూసుకుని కూర్చుంటే ఇంక జన్మలో పాడడు. నాకు భయంగా ఉంది."

ఆ భయం చూశాక నిమ్మకాయల సంగతి మర్చిపోయాను. ఆ రోజు నుంచీ రుచి చూసే ఉద్యోగం నాది.

రమ్ము ఏం చేస్తుందో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. నీచు చంపుతుంది, గొంతులో చురుక్కుమంటుంది, గుండెల్లో వెచ్చబడుతుంది, పైగా ఆ వాసనొకటి. ఇవన్నీ ఒక్క సీసా చేసే పనులు. ఎర్మీన్ ఒక్కో పనికీ ఒక్కో మనిషిని కూలికి పిలిచినట్టు దినుసులు వెతికింది. వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి గుడ్లూ పాలూ చిక్కబడేదాకా కలిపితే నీచు సగం తగ్గింది. శొంఠి వేస్తే జలుబు మందైంది. లవంగం ఎక్కువై నా నాలుక మొద్దుబారింది. మిరపకాయ నానబెట్టిన రోజు గురించి నన్నడక్కండి. అందరం పానీయాల్లో చుక్కలు చుక్కలుగా వేసుకునే చేదు మసాలా అరకు సీసాలో కూడా సారా ఉందని, దాని మీది చిన్న అక్షరాలు చదివి కనిపెట్టి, ఆ సీసా తెచ్చి మా ఇంట్లో పెట్టింది.

"రమ్ము పుట్టేది చెరకులోనేగా," అంది ఒకరోజు. చక్కెరని పొగ వచ్చేదాకా మాడ్చింది.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం కంచె మీంచి కేకేసింది. వెళ్ళి తాగాను. ఒళ్ళు మండింది నాకు.

"నాకే అబద్ధం చెప్తావుటే? రమ్ము పోశావు."

"మేరీమాత మీద ఒట్టు. చుక్క లేదు." నవ్వాపుకోలేకపోతోంది. "మాడిన చక్కెర, నారింజ తొక్క, లవంగం, కాస్త శొంఠి. అంతే."

ఇంకో గ్లాసు అడిగి తాగాను. అంతలో సిప్రియన్ కోకో ఆరబెట్టే పాకలోంచి వచ్చాడు. ఎర్మీన్ అతనికీ ఇచ్చింది. పెరటి మెట్టు మీద కూర్చుని ముందు వాసన చూశాడు. తర్వాత మెల్లగా, చివరి చుక్కదాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దూర్చుకున్నాడు.

"ఎర్మీనూ, ఇది రమ్మే."

"కాదయ్యా. కావాలంటే అక్కనడుగు."

"కాదని నాకూ తెలుసు. నా గొంతుకి తెలీదు. కళ్ళు అప్పుడే వీధి గుమ్మం వైపు పోయాయి. కాళ్ళు కూడా రమ్ము కొట్టుకి పద పదమంటున్నాయి. నువ్వు బాగా చేశావు. బాగా చెయ్యడంతోనే వచ్చింది చిక్కు."

ఎర్మీన్ గిన్నె ఎత్తి నిమ్మచెట్టు మొదట్లో పోసేసింది. ఇన్నాళ్ళు కష్టపడి దొంగకే మారు తాళంచెవి చేసిచ్చినట్టయింది.

ఏనాడూ వంటింటి గడప తొక్కని సిప్రియన్ లోపలికొచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నేను రమ్ములో కలుపుకుని తాగనిది ఈ ఇంట్లో ఏమైనా ఉందా?" అన్నాడు.

నాకూ కుతూహలం పుట్టింది. ముగ్గురం వెతకడం మొదలుపెట్టాం. కొబ్బరినీళ్ళు? తాగాడు. పాలు? తాగాడు. కాఫీ, కోకో, అల్లం నీళ్ళు, అన్నీ అయ్యాయి.

"సూపులో?" అన్నాను వేళాకోళానికి.

"సూపులో కూడా, వదినా."

చివరికి అటక మీది గుమ్మడికాయ కనిపించింది. సిప్రియన్ దాని వంక చాలాసేపు చూశాడు. "దీంతో తాగలేదు," అన్నాడు.

ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, గుడ్లలో, పాలలో కలిపి దాల్చినచెక్క వేసింది ఎర్మీన్. జాజికాయ అతనే గీరాడు. నాకైతే చంటిపిల్లల తిండిలా అనిపించింది, ఆ మాటే అన్నాను. సిప్రియన్ తాగి, నోరు చప్పరించి, ఆలోచించాడు.

"ఏమీ గుర్తు రావట్లేదు," అన్నాడు.

క్రిస్మస్ ముందురోజు పొద్దు వాలకముందే పాటగాళ్ళు వచ్చేశారు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, ఉండకుండా ఎలా ఉంటాను? బయట తెలెస్ఫోర్ పాడుతున్నాడు, ఇప్పుడు జట్టుకి అతనే పెద్ద. ఎర్మీన్ గడియ మీద చెయ్యి వేసింది కానీ తియ్యలేదు. మొగుడి వైపు చూస్తోంది. ఒక చరణం అయింది, రెండోది అయింది. మూడో చరణంలో ఇంటి యజమానిని పేరుపెట్టి పిలిచారు. దానికి లోపలినుంచి పాటతోనే బదులివ్వాలి. సిప్రియన్ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. బయట గిటారు ఒక్కటే మోగుతోంది. అతన్ని కుదిపెయ్యాలనిపించింది నాకు.

అప్పుడు నోరు తెరిచాడు. బొంగురుగా, శ్రుతి ఎక్కడో వదిలేసి వచ్చింది పాట. సగంలో తనే ఉలిక్కిపడి ఆగాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. మళ్ళీ అదే చరణం, అంతే అధ్వాన్నంగా, చివరిదాకా పాడి, లేచి గడియ తీశాడు.

"ఏం బావా, గొంతు పాడైందే?" అన్నాడు తెలెస్ఫోర్.

"పాడవలేదురా. ఎప్పుడూ ఇంతే అనుకుంటా. నేను తాగి పాడేవాణ్ణి, మీరు తాగి వినేవాళ్ళు."

అందరూ పడీ పడీ నవ్వారు. ఎర్మీన్ గ్లాసులు అందించింది. తెలెస్ఫోర్ ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. "రమ్ము మర్చిపోయావక్కా."

"మర్చిపోలేదు," అంది ఎర్మీన్.

అతను సిప్రియన్ వైపు చూశాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ చాపాడు. "అయితే ఇంకాస్త పొయ్యి."

వాళ్ళు కదిలేసరికి సిప్రియన్ గుమ్మడికాయ పోంచక్రెమ్ సీసా చంకలో పెట్టుకున్నాడు. "నేనూ పోతా. ఎవరింట్లో అయినా నాది నేను తాగుతా," అన్నాడు. ఎర్మీన్ వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు.

మేమిద్దరం వాకిట్లో నిలబడ్డాం.

"ఇలా పాడతాడని నీకు తెలుసుటే?" అన్నాను.

"పెళ్ళైన కొత్తలోనే తెలుసక్కా. ఎవరికీ చెప్పలేదు."

ఎగువనున్న ఇంటి దగ్గర పాట మొదలైంది, కాసేపటికి ఆగింది. తలుపు తీసుంటారు, గ్లాసుల్లో రమ్ము పోస్తుంటారు. ఎర్మీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ పాట మొదలై, అందులో సిప్రియన్ శ్రుతి తప్పిన గొంతు వినిపించేదాకా వదల్లేదు.