లెయొకాదియాకు విడుదల

మెక్సికోలోని గ్వానహ్వాతో ఊరి సందుల్లో జెనైదాను ఎరగనివారు తక్కువ. బెల్లం పాకాన్ని గోడ మేకుకు తగిలించి సాగదీసి, మెలితిప్పి, ఆ ఊరి మ్యూజియంలో ఉండే ఎండిన శవాల ఆకారంలో ఆమె చేసే మిఠాయిలను సెలవులకు వచ్చినవాళ్ళు పిల్లల కోసం కొనుక్కుపోయేవారు. భుజం పట్టేసి పాకం లాగడం చేతకాకుండా పోయాక, అరవయ్యో పడిలో ఆమెకు మరో కొలువు దొరికింది. దయ్యంగా కనిపించే కొలువు.

ఫిదెన్సియో అనే యువకుడు సాయంత్రాలు యాత్రికులను వెంటబెట్టుకుని, సందుసందుకూ ఒక దయ్యం కథ చెప్పుకుంటూ ఊరు తిప్పుతాడు. అతని కథల్లో పెద్దది లెయొకాదియాది: గని కార్మికుడైన భర్తకు విషం పెట్టి, తానూ బావిలో దూకిన ఇల్లాలు. నిందితురాలి వైపు మాట ఏమిటో ఆ కథలో ఎక్కడా లేదు. లెయొకాదియా వేషం జెనైదాది. మొహానికి పిండి పూసుకుని, తెల్ల లేసు ముసుగు వేసుకుని మొదట సందు మలుపులో మౌనంగా నిలబడాలి. చివర ఎండిపోయిన బావి దగ్గర హఠాత్తుగా లేచి కేక పెట్టాలి. మాటలు లేవు.

ఆ పని ఆమెకు ప్రాణం. మిఠాయిలు అమ్మినంత కాలం జనం మిఠాయిలనే చూశారు. ఇప్పుడు తనను చూస్తున్నారు. విధవరాలిగా ఒంటరి ఇంట్లో గడిపే పగళ్ళన్నీ, అద్దం ముందు పిండి డబ్బా మూత తీసే ఆ ఘడియ కోసమే నడుస్తున్నట్టుండేవి.

ఈస్టరు సెలవులు మొదలయ్యాక ఒక సాయంత్రం ఫిదెన్సియో నసుగుతూ వచ్చాడు.

"దొన్యా జెనైదా, ఏమనుకోకండి. మీ కేకలో పస తగ్గింది. నిన్న ఒకాయన పాపం, దగ్గొస్తోందా అని మంచినీళ్ళిచ్చాడు."

"మంచివాడు. తాగాను కూడా."

"నవ్వులాట కాదండీ. ఇవాళ బావి దగ్గర జనం అదిరిపోవాలి. లేకపోతే రేపట్నుంచి స్పీకరు పెట్టేస్తా. కేక రికార్డు చేయించాను."

జెనైదా ముసుగు సర్దుకుని, మసక చీకటి పడుతుండగా మలుపులో నిలబడింది.

ఆనాటి గుంపులో ఉత్తరాది కొండపల్లె నుంచి వచ్చిన ప్రాక్సెదిస్ అనే అవ్వ ఉంది. మనవరాలు ఇత్సెల్, ఆమె భర్త కలిసి అవ్వను సెలవులకు తీసుకొచ్చారు. తెల్లటి ఆకారం కనబడగానే అందరూ ఫోన్లు ఎత్తారు. అవ్వ మాత్రం చేతికర్ర ఇత్సెల్‌కు అందించి, నేరుగా జెనైదా ముందుకు వచ్చి నిలబడింది.

"దేవుడి పేరు మీద అడుగుతున్నాను తల్లీ. నీకేం కావాలి? ఎందుకు తిరుగుతున్నావు?"

"అవ్వా, ఆవిడ వేషం కట్టిందే" అంది ఇత్సెల్, సిగ్గుపడిపోతూ.

"కడితే కట్టింది. చచ్చిపోయినావిడ పేరు ఇంతసేపూ చెప్పుకున్నాం కదా. ఆత్మ ఎదురుపడితే అడక్కుండా పోతామా? మీ అమ్మ నీకేమీ నేర్పలేదా?"

జెనైదాకు తన తల్లి నేర్పింది. దేవుడి పేరు మీద అడిగినప్పుడు ఆత్మ నిజం చెప్పాలి. విన్నవాళ్ళు ప్రార్థించి సాగనంపాలి. సాగనంపిన ఆత్మ తిరిగి రాకూడదు. వేషంలో మాటలు లేవన్న సంగతి ఆమెకు గుర్తుంది. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను విషం పెట్టలేదు" అంది. "నన్నెవరూ అడగలేదు."

ఫోన్లు మెల్లగా కిందికి దిగాయి.

"సరే తల్లీ, మేం విన్నాం. ఇంక విశ్రాంతి తీసుకో" అని అవ్వ ప్రార్థన మొదలుపెట్టింది. ఒకరి వెనక ఒకరు టోపీలు తీసి గొంతు కలిపారు. ముగిశాక జెనైదా తల వంచి, చీకట్లోకి వెనక్కి నడిచింది.

ఎగువ మెట్ల దారిన బావి చేరి, గోడ వెనక కూర్చుంది. ఇప్పుడు లేచి కేక పెడితే కొలువు నిలుస్తుంది. కాని అందరూ కలిసి సాగనంపిన మనిషి ఏ మొహంతో తిరిగి రావాలి? వస్తే ఆ ముసలామె ప్రార్థన ఏమైనట్టు? గుంపు వచ్చింది. ఫిదెన్సియో గొంతు పెంచి కథను బావి అంచుదాకా తెచ్చాడు. "లెయొకాదియా" అని పిలిచాడు. అదే సైగ. జెనైదా కదలలేదు. అతను ఇంకోసారి పిలిచాడు.

"ఎవర్ని పిలుస్తున్నావు బాబూ?" అంది అవ్వ. "ఆవిడ వెళ్ళిపోయింది. పంపించేశాక మళ్ళీ పిలవకూడదు."

"మరి టిక్కెట్టు కొన్నది కేక కోసమే కదమ్మమ్మా" అన్నాడు ఇత్సెల్ భర్త.

"అంత సరదాగా ఉంటే నువ్వే పెట్టు."

అతను పెట్టాడు. కోడిపుంజు గొంతు. గుంపంతా పగలబడి నవ్వింది. గోడ వెనక జెనైదా నవ్వు బయటికి రాకుండా ముసుగు లేసు నోట్లో కుక్కుకుంది. నవ్వులు తగ్గాక జనం అవ్వను చుట్టుకుని, లెయొకాదియా నిర్దోషే అయుంటుందా, అయితే విషం ఎవరు పెట్టుంటారని వాదించుకుంటూ మెట్లు దిగిపోయారు.

ఫిదెన్సియో గోడ చుట్టి వచ్చాడు. "ముంచేశారు కదండీ నన్ను."

"సాగనంపారు కదయ్యా. ఎలా వస్తాను?"

"మరి రేపు?"

"రేపొచ్చేవాళ్ళు వేరే. వాళ్ళింకా నన్ను పంపలేదు."

అతను బావి గట్టు మీద కూలబడ్డాడు. దిగువన వాదన ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇంతకాలంలో తన కథ గురించి మెట్ల దారి దాటాక ఒక్కరైనా మాట్లాడగా అతను వినలేదు.

"రేపు ఎవరూ అడక్కపోతే?"

"నువ్వడుగు."

"స్పీకరు..." అని ఆగాడు.

"దాన్నడుగు, జవాబు చెప్తుందేమో."

ఫిదెన్సియో కొంతసేపు బూటు కొనతో రాయిని గీకాడు. "సరే, మీరే రండి. కాని విషం పెట్టలేదంటే సరిపోదు. ఏం జరిగిందో చెప్పాలి. తెలుసా మీకు?"

"ఇన్నాళ్ళూ ఆవిడ బట్టల్లో తిరుగుతున్నాను, తెలీకుండా ఉంటుందా? చెప్తాను, కూర్చో." జెనైదా ముసుగు తీసి, మొహం మీది పిండిని హాయిగా తుడుచుకుంది. "కాదు, ముందు వెళ్ళి రెండు పొట్లాల ఎంచిలాదాలు పట్రా. మిరపకారం ఎక్కువ వెయ్యమను."