లంకలో పది లీటర్ల పెట్రోలు

మేం గట్టు మీదికి చేరేసరికి ఉదయం ఐదుంపావు. గోదావరి గట్టుకి రెండడుగుల కిందే పారుతోంది. ఎర్రనీళ్లు. ఆగని వాన. నలభై మందిమి, నాలుగు రబ్బరు పడవలు. మకాం హైస్కూల్లో.

నేను హవల్దార్ని. ఇంధనం స్టోరు నాది. మాది కడియం. పదిహేడేళ్ల సర్వీసులో మంచులో చేశాను, ఇసుకలో చేశాను. సొంత గోదావరి మీద డ్యూటీ పడింది మాత్రం ఆ ఒక్కసారే.

మిలటరీ అంటే తుపాకీ అనుకుంటారు మనవాళ్లు. ఆ తొమ్మిది రోజులు నేను తుపాకీ ముట్టుకోలేదు. పడవలకి పెట్రోలు, అందులో కలిపే టూటీ ఆయిలు, జనరేటరుకి డీజిలు. అవి చూసుకోవడమే పని. జనరేటరు ఆడితేనే ఊళ్లో నీళ్ల ట్యాంకు నిండేది. గ్యాసు బండ అందిన చోటే అన్నం ఉడికేది. టార్పాలిన్ దొరికిన వాళ్లే పొడిగా పడుకునేవాళ్లు. పెట్రోలు, గ్యాసు, టార్పాలిన్ ప్లాస్టిక్కు, అన్నీ నేల కింద నుంచి తోడిన ముడిచమురు చలవే. మా డెల్టా పొలాల కింద కూడా ఉందది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకా సంగతి తట్టలేదు.

మూడో రోజు, పదకొండూ పది. కెప్టెన్ గారు మ్యాప్ మీద ఏటి నడుమ ఒక లంక చూపించారు.

"చర్చి మేడలో నూట ఇరవై మంది ఉన్నారు. పాలు, మందులు దించి వచ్చెయ్యండి."

నేనూ, పడవ నడిపే నాయక్ హోదా జవానూ బయల్దేరాం. అతనిది కేరళ. ఏటికి ఎదురు నలభై నిమిషాలు. సరుకు దించాం. తిరిగి బయల్దేరబోతే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ట్యాంకులో పెట్రోలు ఖాళీ నీళ్ల సీసాలోకి వంపి చూశాను. కాసేపటికి తేరింది. పైన పెట్రోలు, అడుగున నీళ్లు. స్పేరు క్యానులోనూ అదే. వాన నీరు దిగింది. బయల్దేరేముందు ఆ మూతలు నేను బిగించి చూడలేదు. తప్పు నాది.

అప్పుడే ఒక పెద్దాయన వచ్చారు. ఏసుపాదం గారు, రిటైరైన మాస్టారు.

"బాబూ, మా ఆవిడకి డయాలసిస్ తప్పి రెండు రోజులైందండి. ఊపిరి అందట్లేదు. మీ పడవలో తీసుకెళ్లరా?"

ఆయన భార్య మేరమ్మ గారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. కాళ్లు వాచిపోయాయి. మాట సగంలో తెగిపోతోంది.

రేడియోలో అడిగాను. "ఇంకో పడవ పంపగలరా? ఓవర్."

"మూడూ వేరే పాయలో ఉన్నాయి. నాలుగు గంటలు పడుతుంది. మీరే ఏదో ఒకటి చెయ్యండి. ఓవర్."

ఆవిడకి అంత టైము లేదు.

చర్చి వరండాలో పద్నాలుగు మోటారు సైకిళ్లున్నాయి. వరదకి ముందే ఎక్కించుకున్నారు. తలా కాస్త పెట్రోలు ఇమ్మని అడిగాను. ఎవరూ మూత తియ్యలేదు. రొయ్యల చెరువు కాపలా చేసే శ్రీను అడ్డు చెప్పాడు.

"వరద తీశాక బంకు ఎప్పుడు తెరుస్తారో తెలీదండి. రేపు మా పిల్లకి జ్వరమొస్తే ఏ బండెక్కాలండి?"

అతనన్నది తప్పు కాదు.

"నీళ్లు కలిసింది నా అజాగ్రత్త వల్లే," అన్నాను. "మీరు ఇవ్వకపోయినా మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు. అయినా అడుగుతున్నానండి."

శ్రీను మేరమ్మ గారి వైపు చూశాడు. వెళ్లి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. మొదట తన బండి మూతే తీశాడు.

అన్ని బళ్లవీ కలిపి పది లీటర్లయ్యింది. ఆయిలు కలపకుండా పోస్తే ఇంజను పట్టేస్తుంది. మా ఆయిలు గట్టు మీద స్టోర్లో ఉండిపోయింది. నాయక్ తల పట్టుకున్నాడు. మోపెడ్ మీద చేపలమ్మే పోలమ్మ గారు వెనక నుంచి ముందుకొచ్చారు.

"ఏంటి, టూటీ ఆయిలేనా? నా బండికి పోసేది అదేగా!" అని చీరల మూటలోంచి సగం సీసా తీశారు.

ప్లగ్గు తుడిచాం. ఫిల్టరు కడిగాం. గుడ్డలో వడగట్టి పోశాం. తాడు లాగితే పలకలేదు. నాలుగుసార్లు. ఐదోసారి అందుకుంది. ఒకటీ ముప్పై ఐదుకి మేరమ్మ గారితో లంక వదిలాం. రెండూ ఐదుకి గట్టు. అక్కణ్ణుంచి అంబులెన్సులో అమలాపురం ఆస్పత్రి.

జరిగింది జరిగినట్టు కెప్టెన్ గారికి చెప్పాను. నా ఫైల్లో మందలింపు రాశారు. న్యాయమే. మర్నాడు పది లీటర్లు రెండుసార్లు వడగట్టి, మూత నా చేత్తో బిగించి, లంకకి పట్టుకెళ్లాను. తొమ్మిదో రోజు తిరుగు లారీ ఎక్కుతుంటే మాస్టారు ఫోన్ చేశారు.

"మా ఆవిడ అన్నం తిందండి."



ఆ మరుసటేడు రిటైరయ్యాను. ఇప్పుడు కడియం నర్సరీల మొక్కలు లారీలో ఊళ్లకి తోల్తున్నాను. దేశమంతా తిరిగాను, చాలా చూశాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ వరండాయే కనిపిస్తుంది. గొట్టం దగ్గర వంగున్నవాణ్ణి ఒకసారి తలెత్తాను. జల్లు లోపలికి కొడుతోంది. పద్నాలుగు ట్యాంకులూ మూతలు తీసి ఉన్నాయి. ఒక్కో ట్యాంకుకి ఒక్కొక్కరు గొడుగు పట్టి నిలబడ్డారు. గొడుగుల కింద బళ్లు. మనుషులు వానలో.