కిస్‌మిస్ లేని పొంగలి

నిన్న మిత్రుని ఇంట నేతిలో వేగుతున్న కిస్‌మిస్ పరిమళం సోకగానే నా కన్నులు చెమర్చాయి.

హెర్న్‌డన్ అనే ఊళ్లో ఉండగా నా ఎనిమిదో ఏట, దిక్కులేని జంతువుల షెల్టర్ నుంచి బడ్డీ అనే ముసలి కుక్కను తెచ్చుకున్నాం. అప్పటికే అది చిక్కి శల్యమై ఉంది. ప్రసాదం తింటే ఒంటికి బలమని అమ్మ అనేది. అందుకే ఒక శనివారం నా చక్కెర పొంగలిలోని కిస్‌మిస్‌లన్నీ ఏరి, డబ్బాలోంచి మరో రెండు గుప్పిళ్లు తీసి, దానికి తినిపించాను. అది నా అరచేతిని ఎంతో ప్రేమగా నాకింది.

సోమవారానికి బడ్డీ లేవలేకపోయింది. అమ్మా నాన్నా నేనూ దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏం తిన్నదని పశువైద్యురాలు అడగగా, "ప్రసాదం పెట్టానమ్మా! కిస్‌మిస్ అంతా దానికే ఇచ్చేశా!" అన్నాను గర్వంగా.

అమ్మ నా ముఖం వంక ఒక్క క్షణం చూసింది. "నువ్వెళ్లి నాన్న దగ్గర కూర్చో, కన్నా."

చాలాసేపటికి అమ్మ ఖాళీ మెడపట్టీతో బయటికి వచ్చి, "బడ్డీ ఇక లేదురా. ముసలిదైపోయింది, అంతే" అంది. నేను నమ్మాను.

ఆపై మా పొంగలిలో కిస్‌మిస్ కనబడలేదు. "మర్చిపోయావా అమ్మా?" అంటే, "డబ్బా ఖాళీరా, ఈసారి తెస్తాలే" అనేది.

ఎండుద్రాక్ష కుక్కలకు విషమని కాలేజీలో తెలిసింది. ఆ డబ్బా నేటికీ ఖాళీయే. ఎందుకో నాకు తెలుసునని మాత్రం అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.