ఎస్తేరు సిస్టరు తెరిచి చూపిన చెవి

వెల్లుల్లి వేసి కాచిన నూనె వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. పోయిన నెల మనవరాలు స్వప్న ఇంట్లో పొద్దున్నే ఆ వాసన వచ్చింది. స్వప్న నా కూతురు సుజాత బిడ్డ. ఏ.ఎస్. రావు నగర్‌లో మూడో అంతస్తులో ఉంటుంది. రెండు నెలల పసివాడికి నీళ్ళు పోయడానికి నర్సమ్మ అనే ఆమెను మాట్లాడుకున్నారు. బాలింతకు సాయంగా నేనూ సుజాతా బోయిగూడ నుంచి వెళ్ళి అక్కడే ఉన్నాము. వంటింట్లో బియ్యం ఏరుకుంటున్న నేను ఆ వాసనకు చేట కింద పెట్టి లేచాను. లేచి వెళ్ళి ఏం చేశానో తరువాత చెబుతాను. ముందు ఎస్తేరు సిస్టరు గురించి చెప్పాలి. ఆమె నా బతుకులోకి రాకపోయి ఉంటే ఆ వాసన నాకు ఈనాటికీ కమ్మగానే ఉండేది.

బోయిగూడలో ఒక ముక్కు, చెవి, గొంతు దవాఖానా ఉండేది. కింద ఓపీ, పైన నాలుగు మంచాలు. మూడో తరగతితో బడి మానేసిన నాకు అందులో ఆయా పని దొరికింది. ఎస్తేరు సిస్టరు అక్కడ నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, లాలాగూడలో కాపురం. పొట్టిగా, బిగించి కట్టిన ముడితో, గంజి పెట్టిన తెల్లచీరలో టకటక నడిచేది. ఆమె బల్ల మీద రెండు బొమ్మలుండేవి. ఒకటి మనిషి తలంత పెద్ద చెవి, ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చేది. రెండోది నిలువునా సగానికి కోసినట్టున్న ముఖం. రోజూ వాటి దుమ్ము తుడవటం నా పని. తుడిచేదాన్నే కానీ లోపల ఏముందో ఏనాడూ చూడలేదు. చూసే ఓపిక లేదు. అప్పటికి నా కడుపులో ఒక మంట రగులుతూ ఉంది.

ఆ మంట సుజాత చెవి గురించి. దానికప్పుడు నాలుగేళ్ళు. జలుబు చేసి తగ్గిన వారానికి ఎడమ చెవి కారటం మొదలైంది. మా ఇళ్ళలో చెవికి ఏం వచ్చినా మందు ఒకటే, వెల్లుల్లి నూనె గోరువెచ్చగా నాలుగు చుక్కలు. మా అమ్మ నాకు పోసింది, మా అత్త నా మొగుడికి పోసింది, నేను నా బిడ్డకు పోశాను. ఎంతకీ తగ్గకపోతే ఊళ్ళో ఒక పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చెవిలో టార్చి వేసి, నూనె జిడ్డు చూసి, వరుసలో ఉన్న నలభై మంది ముందు లేచి నిలబడ్డాడు. "నూనె పోశావా? బుద్ధుందా నీకు? మీలాంటోళ్ళకు పిల్లలెందుకు?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆయన చీటీ రాసి ఇచ్చాడు కానీ, ఎందుకు పోయకూడదో మాత్రం చెప్పలేదు. పోయకూడదని అంతకు ముందు నాకు చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు. తెలియనిదాన్ని తెలియలేదని తిట్టడం ఎక్కడి న్యాయం? చీటీ చింపేసి ఇంటికొచ్చి, పంతానికి మళ్ళీ అదే నూనె పోశాను. ఆ తరువాతే ఎస్తేరు సిస్టరు ఉన్న దవాఖానాలో చేరాను. చెవి డాక్టరు పక్క గదిలోనే ఉండేవాడు. అయినా ఇంకోసారి మాట పడలేక బిడ్డ సంగతి దాచాను. ఒకటి కాదు, ఐదు నెలలు దాచాను.

దాచింది నేను, పట్టుకున్నది సిస్టరు ముక్కు. ఒకనాడు పొద్దున బొమ్మలు తుడుస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇట్రా. ఆ చేతులు చూపించు."

చూపించాను. వాసన చూసింది.

"వెల్లుల్లి నూనె. ఎవరి చెవిలో పోస్తున్నావే?"

"ఎవరి చెవిల పోస్తలేను సిస్టరమ్మా. పప్పుల పోపు పెట్టిన."

"వారం నుంచి చూస్తున్నా, రోజూ పోపేనా? మీ ఇంట్లో ఇంకేం వండుకోరా? చీము వాసనలో ఇన్నేళ్ళు బతికిన ముక్కిది. దీని దగ్గర నీ అబద్ధాలు చెల్లవు."

ఇక దాచలేకపోయాను. అంతా చెప్పి, "తిట్టున్రి. గా డాక్టరు సుత తిట్టిండు. మీరు సుత తిట్టున్రి," అన్నాను.

"తిట్టి, ఏం చూపించాడు?"

"ఏం చూపియ్యలే."

"ఏమీ చూపించలేదా?" అన్నది మళ్ళీ. ముఖం ఎర్రబడింది. ఆ కోపం నా మీద కాదని తెలుసుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "కూర్చో," అని రోగులు కూర్చునే స్టూలు చూపించింది. అంతవరకు నేను ఆ స్టూలును తుడవటమే తప్ప దాని మీద కూర్చోలేదు.

నా టిఫిను డబ్బాలో రొట్టెలోకి పెట్టుకున్న ఉల్లిపాయ తీసింది. రెక్కకూ రెక్కకూ మధ్య ఉండే పల్చటి పొరను గోటితో మెల్లగా లాగి, కిటికీ వెలుతురుకు పట్టింది. "కర్ణభేరి అంటారు. ఇంతే ఉంటది. మాట పోయి తగిలితే ఇది అదురుద్ది," అన్నది. తరువాత చెవి బొమ్మను ముక్కముక్కగా ఊడదీసింది. ఆ పొర వెనక చిన్న గది. గదిలో మూడు ఎముకలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది నిజం చెవిలో బియ్యపు గింజకన్నా చిన్నదట. వాటి అవతల నత్తగుల్లలాంటిది చుట్ట చుట్టుకొని ఉంది. మాట అక్కడికి చేరితేనే మనం విన్నట్టు. ఆ చిన్న గది నుంచి ముక్కు వెనక్కి ఒక గొట్టం దిగింది. "పెద్దోళ్ళకి ఇది వాలుగా ఉంటది. పిల్లలకి పొట్టిగా, పడుకోబెట్టినట్టు ఉంటది. నీ పిల్ల జలుబు ఇందులోంచే పైకెక్కింది. లోపల చీము నిండి నిండి, పొర చింపుకొని బయటికొచ్చింది. ఆ చిరుగులోంచి నువ్వు నూనె పోస్తున్నావు," అని ఉల్లిపొరను వేలితో పొడిచి, చిరుగు మీద ఒక చుక్క నీళ్ళు వేసింది. చుక్క అవతలికి జారింది. నేను ఆ చిరుగునే చూస్తూ కూర్చున్నాను. సిస్టరు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా అంత తగిలేది కాదు.

మర్నాడు బిడ్డను తీసుకెళ్ళాను. డాక్టరు చెవి శుభ్రం చేసి, దీపం గొట్టంతో చూశాడు. ఆయన చూడటం అయ్యాక సిస్టరు ఆ గొట్టాన్ని నా కంటి దగ్గర పెట్టబోయింది. ఆయనకు నచ్చలేదు.

"ఏంటి సిస్టర్, ఆయాకి అనాటమీ క్లాసా? బయట పేషంట్లు వెయిటింగ్."

"మీ చేతిలో ఈ చెవి ఉండేది పది నిమిషాలు సార్. మిగతా రోజంతా దీని చేతిలోనే ఉండేది. చూడనివ్వండి."

ఒక నర్సు డాక్టరుకు ఎదురు చెప్పటం నేను వినడం అదే మొదటిసారి. ఆయన మూతి ముడుచుకొని పక్కకు జరిగాడు. నేను చూశాను. నా బిడ్డ చెవిలో, ముత్యంలా మెరవాల్సిన చోట, ఎర్రగా చిరిగిన కన్నం. కుడి చెవి పొర కూడా ఉబ్బి, చిరగటానికి సిద్ధంగా ఉందని డాక్టరు చెప్పాడు. కుడి చెవి దక్కింది. ఎడమ చెవిలో ఆ చిన్న ఎముకలను చీము అప్పటికే తినేసింది. ఆపరేషను చేసి పొర వేశారు కానీ, వినికిడి తిరిగి రాలేదు. దాచిన ఐదు నెలలూ నా లెక్కలోవే. ఇంకెవరి నెత్తిన రుద్దినా అవి నావే.

ఆపరేషను రోజు మెట్ల మీద కూర్చొని ఏడుస్తుంటే సిస్టరు వచ్చి నిలబడింది. దేవుడున్నాడని, అంతా మంచికేనని అంటుందనుకున్నాను. "ఏడవకు. ఏడిస్తే ముక్కు మూసుకుపోద్ది. ముక్కు మూసుకుపోతే చెవులు దిబ్బడేస్తాయి. అప్పుడు ఇంట్లో ఇద్దరు చెవిటోళ్ళు అవుతారు. లే, పైన మంచాలు సర్దాలి," అన్నది. నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ తరువాత రోజూ ఓపీ మొదలవక ముందు పావుగంట నాకు పాఠం. నేను తుడవాలి, తుడుస్తూ పేరు చెప్పాలి. ఒకనాడు ముఖం బొమ్మ దగ్గరికొచ్చాము. ముక్కుకు అటూ ఇటూ, కళ్ళ మధ్య, నుదుటి వెనక ఖాళీ గదులున్నాయి, వాటినే సైనస్ అంటారన్నది. అన్ని గదులూ ముక్కులోకే తెరుచుకుంటాయి. బోయిగూడలో మేమున్న ఇల్లూ అంతే. ఒక నడవా, దానికి అటూ ఇటూ కుటుంబానికి ఒక్కో గది, అందరి నీళ్ళూ నడవా కాలవలోకే. కాలవ మూసుకుపోతే అందరి గదుల్లోనూ నీళ్ళు నిలుస్తాయి. జలుబులో తల ఎందుకు బరువెక్కుతుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. కానీ చెంప వెనక గదిని చూశాక ఒళ్ళు మండింది. దాని తూము గోడ పైభాగాన ఉంది.

"గిదేంది సిస్టరమ్మా? ఏ మేస్త్రీ అయినా తూము అడుగున పెడ్తడు. మీ దేవుడు గిట్ల మీద పెట్టిండేంది?"

"నా దేవుడా? నీ ముక్కు నా దేవుడు కట్టాడా, మీ ఎల్లమ్మ కట్టిందా?"

"ఎవరు కట్టినా తప్పు తప్పే గద."

ఆమె నవ్వి, ఆ గది గోడల నిండా కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు ఉంటాయని చెప్పింది. పగలూ రాత్రీ ఆగకుండా అవి చీమిడిని కింది నుంచి పైకి, ఆ తూము వైపుకే ఊడుస్తాయట. పల్లానికి ఎవరైనా ఊడుస్తారు. ఎత్తుకు ఊడ్చటం ఎంత కష్టమో మెట్లు ఊడ్చే నాకు తెలుసు. "పొగ తాగేవాళ్ళకి ఆ చీపుర్లు పని చెయ్యవు," అన్నదామె. ఆ సాయంత్రమే నా మొగుడి బీడీ కట్ట పొయ్యిలో వేశాను. దానికి మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది, అది వేరే సంగతి.

దవాఖానాకు వచ్చే ఆడవాళ్ళకు డాక్టరు ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. సిస్టరు గుంటూరు మాట సగమే అర్థమయ్యేది. అందుకని ఆమె నన్ను ముందుకు తోసింది. బల్ల మీద ఉల్లిపాయ పెట్టుకొని నేనే చెప్పేదాన్ని. "అక్కా, జెర ఇటు చూడు. పోరిని పండవెట్టి పాలియ్యకు, తల జెర ఎత్తి పట్టు. పిన్నీసు గిట్ల చెవిల పెట్టకు. గులిమి దానంతటదే బయటికొస్తది." డాక్టరు అటు పోతూ, "యాదమ్మ ప్రాక్టీసు పెట్టింది," అని ఎగతాళి చేసేవాడు. సిస్టరు తల కూడా ఎత్తకుండా, "అవున్సార్, ఆవిడ దగ్గర చూసుకున్నోళ్ళు మళ్ళీ రావటం లేదు," అనేది. ఉల్లిపాయను మాత్రం ఏనాడూ వృథా కానివ్వలేదు. మధ్యాహ్నం ఇద్దరం రొట్టెలో నంజుకునేవాళ్ళం.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. దవాఖానా పడగొట్టి, అద్దాల మేడలాంటి కొత్త దవాఖానా కట్టారు. పడగొట్టేనాడు నేను చూడటానికి వెళితే, విరిగిన కుర్చీల కుప్పలో ఆ చెవి బొమ్మ పడి ఉంది. అందులో అన్నిటికంటే చిన్న ఎముక లేదు. పాత చీరలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. కొత్త మేడలో లోపలికి పోగానే గోడకు నల్లరాయి ఉంది. రాయి ఇచ్చినవారి పేరుతో సహా అందరి పేర్లూ బంగారు అక్షరాలతో ఉన్నాయి, ఎస్తేరు పేరు లేదు. అడిగితే కౌంటరు దగ్గరి పిల్ల, "ఆమె డాక్టరా ఆంటీ?" అన్నది. కాదన్నాను. "మరి?" అన్నది. ఆ "మరి"కి జవాబు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

ఇక పోయిన నెల సంగతి. నేను వెళ్ళేసరికి నర్సమ్మ కాళ్ళు చాపుకొని, వాటి మీద పసివాణ్ణి పడుకోబెట్టుకొని, నూనె గిన్నెలో దూది ముంచింది. స్వప్న పక్కన ఫోను పట్టుకొని నిలబడి ఉంది. నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? "బుద్ధుందా నీకు?" అని వచ్చింది. ఆ డాక్టరు మాటే.

నర్సమ్మ చెయ్యి ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది. "నలభై ఏండ్ల సంది పోస్తున్న పెద్దమ్మా. గిట్ల మాట పడనీకి రాలే," అని పిల్లవాణ్ణి స్వప్నకు అందించి, చీర కుచ్చిళ్ళు దులుపుకొని లేచింది. ఆమె ముఖం నాకు తెలుసు. చీటీ చింపుకొని ఇంటికి నడిచిన నా ముఖమే అది. ఇప్పుడు పోతే ఇంకో ఇంట్లో ఇంకో పసిచెవిలో, పంతానికి, రెండు చుక్కలు ఎక్కువే పోస్తుంది.

"ఆగు నర్సమ్మా. నోరు జారిన. జెర సేపు కూసో," అని వంటింట్లోంచి ఉల్లిపాయ తెచ్చాను. నా వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి, పొర రెండుసార్లు తెగింది. మూడోసారి వచ్చింది. బాల్కనీ వెలుతురుకు పట్టాను. పొడిచాను. ఆమె నూనెలోంచే ఒక చుక్క వేశాను.

నర్సమ్మ ముందుకు వంగి చూసింది. "గింత పల్చగుంటదా?" అన్నది. తరువాత గొంతు తగ్గించి, "ఎంతమంది చెవుల్ల పోసిన్నో పెద్దమ్మా," అని కొంగు కళ్ళకద్దుకుంది.

"ఏడ్వకు. ముక్కు బందైతది, చెవులు సుత బందైతయ్. పిల్లగానికి జెల్ది నీళ్ళు పొయ్యి, చల్లారుతున్నయ్," అన్నాను.

ఆమె నీళ్ళు పోసింది. చెవుల జోలికి పోలేదు. నూనె పారబోయలేదు, మోకాళ్ళకు రాసుకున్నాను. ఉల్లిపాయ పప్పులో వేశాను. కేకలు విని కాబోలు, సుజాత గదిలోంచి వచ్చి, "ఏమైందమ్మా?" అని అడిగింది. నేను లేచి, ఎప్పటిలాగే దాని కుడి పక్కకు వెళ్ళి నిలబడి, చెప్పాను.