కెమెరా అద్దం మీద బొట్టు

మొదటిసారి ఏటీఎం ముందు నిలబడ్డప్పుడు వెనకనున్నవాడు మీ చేతిలోని కార్డు లాక్కుని మీటలన్నీ తానే నొక్కేసి ఉంటే, ఆ విద్య మీకు ఏనాటికి వచ్చేది?

సింగరాయకొండ దాటాక హైవే పక్కన, కార్ల తలుపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కార్మికులకు తెలుగులో కంప్యూటర్ పాఠాలు చెప్పమని నన్ను పిలిచారు. బ్రాడీపేటలోని నా చిన్న కోచింగ్ సెంటర్‌కు వారంలో రెండు రోజులు తాళం వేసి బస్సెక్కేవాణ్ణి. అక్కడ వెల్డింగ్ లైనులోకి కొత్తగా రోబోలు వచ్చాయి. తెర మీద వాటిని నడపడం వచ్చిందని పరీక్షలో చూపించినవాళ్లే ఉంటారని, మిగతావాళ్లు ఇంటికేనని యాజమాన్యం చెప్పేసింది.

నా క్లాసులో అందరికంటే పెద్దవాడు సత్తెనపల్లి వైపు మిర్చి పండించిన రైతు. సేద్యం గిట్టక ఇక్కడికొచ్చి, చేతి వెల్డింగ్‌లో పేరు తెచ్చుకున్నాడు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ కౌలుకు దిగడం తప్ప దారి లేదు.

ఒక శుక్రవారం పొద్దున అతని రోబో ఆగిపోయింది. మనవాళ్లకు శుక్రవారం యంత్రానికి పసుపు రాసి బొట్టు పెట్టనిదే పని మొదలుకాదు. ట్రాక్టరుకైనా, పిండిమరకైనా అంతే. రోబో చేతి చివర నల్లటి అద్దం మెరుస్తుంటే, నుదురు అదేననుకుని నడిమధ్యన కుంకుమ అద్దాడు. అది కెమెరా. తలుపు ఎక్కడుందో రోబో చూసుకునేది దానితోనే. తెర మీద ఎర్రగా ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. ఎవరూ చదవలేదు. శకునం బాగాలేదని ఒకరన్నారు, కొబ్బరికాయ కొట్టమని ఇంకొకరు.

"ఏరా, బొట్టు పెట్టి చీర పెట్టలేదని అలిగిందేమో" అన్నాడు పక్క లైనువాడు.

ఇంజనీరు వచ్చి అద్దం తుడిచి, తెర మీద గబగబా ఏవేవో నొక్కి వెళ్లిపోయాడు. ఏం నొక్కాడో అతనికి చూపలేదు. సాయంత్రం ఆఫీసులో, మూఢనమ్మకాల మనిషికి డిజిటల్ పని అప్పజెప్పలేమని, అతన్ని పరీక్షకే పంపబోమని నాతో అన్నారు.

ముహూర్తాల మీద, దిష్టిబొమ్మల మీద వేదికలెక్కి వాదించినవాణ్ణి నేను. ఆ బొట్టును సమర్థించలేదు. అది కెమెరా అని అతనికి ఎవరు చెప్పారని మాత్రం అడిగాను. ఎవరూ చెప్పలేదు. శిక్షణ పేరుతో ఇంగ్లీషు వీడియో చూపించి సంతకం పెట్టించుకున్నారు. ముట్టుకుంటే పాడవుతుందని సూపర్‌వైజరు తెరకు దూరంగా నిలబెట్టాడు. తెలియని వస్తువుకు దండం పెట్టడం మూఢత్వమే. మరి తెలుసుకోనివ్వకుండా దూరం పెట్టడాన్ని ఏమనాలి? నేను చాలాసేపు వాదించాక, అతను తప్పితే మాట పడాల్సింది నేనేనని చెప్పి, పరీక్షకు ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి గదిలో పాఠం చెప్పడం మానేశాను. భోజన విరామంలో అతన్ని రోబో దగ్గరికే తీసుకెళ్లి, కావాలనే కెమెరాకు గుడ్డ కప్పమన్నాను. మళ్లీ ఆ ఎర్ర అక్షరాలే వచ్చాయి. వాటి అర్థం తెలుగులో చెప్పి, కిందనున్న గుర్తును నొక్కమన్నాను. అతని వేలు తెరకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"పాడైతే జీతంలో కోస్తారు మాస్టారూ."

"పాడైతే నా పేరు చెప్పండి. నొక్కండి."

నొక్కాడు. కెమెరా బొమ్మ, దాని మీద అడ్డగీత కనిపించాయి. బొమ్మనూ గుడ్డనూ మార్చి మార్చి చూశాడు. గుడ్డ తీసేసి, యంత్రాన్ని మళ్లీ నడిపించే మీటను తానే వెతుక్కున్నాడు. రెండుసార్లు తప్పు మీట నొక్కాడు, ఏమీ కాలేదు. ఏమీ కాదని తెలిశాక అతన్ని తెర ముందు నుంచి లేపడమే కష్టమైంది.

పరీక్ష నెగ్గాడు. ఆ తర్వాతి శుక్రవారం వెళ్తే రోబో ఒంటి మీద మళ్లీ బొట్టుంది. నా చూపు గమనించి, "అద్దానికి మూరెడు దూరంగా పెట్టానండి" అన్నాడు. బొట్టు అవసరమా అన్న వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు. కానీ ఇప్పుడు యంత్రం ఆగితే అతను ముందు చూసేది తెరనే.

మీ కింద ఎవరైనా పనిచేస్తున్నారా? అయితే రేపు యంత్రం ఆగినప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి. వాళ్ల భాషలో చెప్పి, వాళ్ల వేలితోనే నొక్కించండి. తప్పు నొక్కితే, మళ్లీ నొక్కించండి.