చెవులమ్మ కార్డులు

ఆమె గెలిచిన మొదటి మాట 'కంఫర్టబుల్'. ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు మూడో కూర్పులో ఆ మాటను నాలుగు ముక్కలుగా విరిచి, ముక్కముక్కకీ ఇస్త్రీ చేసి పెట్టారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళెవరూ అలా అనరనీ, 'కంఫ్టబుల్' అని సగం మింగేస్తారనీ ఆమె చెప్పింది. చెప్పినందుకు పద్నాలుగు నెలలు నవ్వులపాలయింది. నాలుగో కూర్పులో ఆమె చెప్పిందే ముందు పడింది. పండితుల మాట దాని వెనకాల నక్కింది.

పెద్ద చదువేం కాదు, పల్లెబడిలో ఏడో తరగతి. అయితే ఆ బడిలో మాస్టారు పాఠం ఒక్కసారి చదివితే చాలు, ఆయన దగ్గుతో సహా అప్పజెప్పేది. తర్వాత టెలిఫోను ఎక్స్ఛేంజిలో పందొమ్మిదేళ్ళు. ఎనిమిది వందల నంబర్లు నోటికి. 'హలో' వినగానే అవతల ఉన్నది ఓడ సరంగా, ఆస్పత్రి నర్సా, పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడా, చెప్పేసేది. ఆమెకు ఇంగ్లీషు పుస్తకంలోంచి రాలేదు, తీగలోంచి వచ్చింది. ఎక్స్ఛేంజిలో మిషను పెట్టి అందర్నీ ఇంటికి పంపాక, నిఘంటువు ఆఫీసులో టైపిస్టుగా కుదిరింది. చెవులమ్మ అన్న పేరు అక్కడివాళ్ళు పెట్టిందే, వెటకారానికి. పేరు నిలిచింది. వెటకారం నిలవలేదు.

ఆ ఆఫీసులో విద్వత్తు ఎలా సాగేదో కాస్త చెప్పుకోవాలి. పొడుగాటి బల్ల చుట్టూ ఆరుగురు డిగ్రీలవాళ్ళు కూర్చుంటారు. ప్రధాన సంపాదకుడు ఓ మాట పలుకుతాడు. మిగతా అయిదుగురూ ఆయన పెదవుల వంక చూసి తలలూపుతారు. అదీ పరిశోధన! అయిదో కూర్పుకి 'ఈనాటి నోట ఈనాటి మాట' అని ప్రకటన ఇచ్చుకున్నారు కాబట్టి, సిగ్గుకి నలుగురు మనుషుల్ని పిలిచి, గాజుగదిలో నిలబెట్టి, చేతికి మాటల జాబితా ఇచ్చి చదివించారు. జాబితా చేతికిస్తే లారీ డ్రైవరు కూడా జడ్జీ అయిపోతాడు. ఇంట్లో మాట్లాడినట్టు ఎవడు చదువుతాడు?

చెవులమ్మ జాబితా ఇవ్వదు. ఏ రోగి ఎక్కువ సతాయించాడో నర్సుని అడుగుతుంది. కెప్టెను ఎందుకు తిట్టాడో సరంగుని అడుగుతుంది. మనిషికి కోపమో నవ్వో వచ్చిందంటే మాటలు వాటంతటవే రాలతాయి. విన్న మాట, అన్నవాడి పని, తేదీ ఒక్కో కార్డు మీద రాసుకుంది. మూడేళ్ళలో రెండువేల నూట నలభై కార్డులు. ఆమె మొగుడు దర్జీ. అవన్నీ ఆయన బొత్తాల పెట్టెల్లోనే సర్దింది.

అచ్చుకి రెండు నెలలుందనగా సంపాదకుడు పిలిచాడు.

"చూడమ్మా, నీ కార్డులు అటకెక్కించు. గాజుగది జాబితాతో అచ్చుకెళ్తున్నాం. నీ కార్డుల సంగతి బయట అందరికీ తెలుసు కాబట్టి, రెండూ సరిపోయాయని ఇక్కడో సంతకం పెట్టు."

"సరిపోలేదు కదండీ."

"సరిపోకపోతే నువ్వు విన్నది తప్పు. 'ప్రాబ్లీ' ఏమిటి? 'ప్రాబబ్లీ'! సంతలో కూతలన్నీ నా నిఘంటువులోకి ఎక్కిస్తావా? సోమవారం సమావేశంలోగా సంతకం పెట్టు, లేకపోతే ఇంట్లో కూర్చో."

ఇంటికొచ్చి చెబితే దర్జీ మిషను ఆపకుండానే అన్నాడు:

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? వాళ్ళ పుస్తకం, వాళ్ళ ఖర్మ. గీకి పారేయ్."

"కొలత తీసుకోకుండా నువ్వు చొక్కా కుడతావా?"

"కుడితే తొడుక్కునేవాడు తంతాడు."

"వీళ్ళని తన్నేవాడు లేడయ్యా. అదే వాళ్ళ ధైర్యం."

దర్జీ మిషను ఆపాడు. పళ్ళ మధ్య దారం తెంపాడు. "అయితే ముందు ఆయన కొలతే తియ్యి."

ఆఫీసు సమావేశాలన్నీ టేపు చెయ్యాలన్నది సంపాదకుడు పెట్టిన నియమమే. విని టైపు కొట్టేది ఆమే. సోమవారం ఆమె సంతకానికి బదులు కిందటి సమావేశం టేపు పట్టుకెళ్ళి, బల్లమీద పెట్టి వినిపించింది. గంటలో ఆయన గొంతు పదకొండుసార్లు 'ప్రాబ్లీ' అంది. 'ప్రాబబ్లీ' ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా అనలేదు. అయిదుగురిలో ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఇంకొకాయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు.

"అది... నేను మాట్లాడుతున్నప్పుడు అన్నది," అన్నాడు సంపాదకుడు. "ఉచ్చరిస్తున్నప్పుడు కాదు."

ఇంత మాట అనాలంటే కనీసం రెండు డాక్టరేట్లు ఉండాలి. ఏడో తరగతి వాళ్ళ వల్ల కాదు.

కార్డులు పారేయమనడానికి ఇక నోరు రాలేదు. అయినా ఓడినట్టు ఒప్పుకుంటే అంత చదువూ దేనికి? "ఒక్క ఊరి గొంతులు చాలవు. రేవు, గని, కొండమీది ఆస్పత్రి, చోటుకి నలభైమందిని రికార్డు చేసి తీసుకురా. నవంబరు పదిహేనులోగా తెస్తే నీ కార్డులు అచ్చుకి. లేకపోతే జాబితా," అన్నాడు. యాభయ్యేడేళ్ళ మనిషి తొమ్మిది కిలోల టేపురికార్డరు మోసుకుంటూ ఎక్కడికి పోతుందిలే అని ఆయన లెక్క.

"ఆ మాట కాగితం మీద పెట్టి, మీరు సంతకం చెయ్యండి," అంది చెవులమ్మ.

అయిదుగురూ చూస్తుండగా చెయ్యక తప్పింది కాదు. దర్జీ ఆ రికార్డరుకి దూది కుక్కి, భుజానికి తగిలించుకునే సంచీ కుట్టిచ్చాడు. ఆమె బయల్దేరింది.

అప్పట్నుంచీ సమావేశాల్లో ఆరుగురూ టేపు వంక చూస్తూ, ఒక్కో మాటా కడిగి ఆరేసినట్టు పలుకుతున్నారు. గంటలో తేలే సమావేశం రెండున్నర గంటలు పడుతోంది. ఆమె మాత్రం రేవులో నలభై, గనిలో నలభై ముగించి, ఆస్పత్రిలో ముప్ఫైయొక్కరి దగ్గరికి వచ్చానని మొన్న ఉత్తరం రాసింది. మిగిలింది తొమ్మండుగురు. గడువుకి మూడు రోజుల ముందే వచ్చేస్తుంది: నవంబరు పన్నెండు, గురువారం.