నీళ్లున్నాయని పెట్టిన సంతకం

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆయన పోయాక ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టర్ ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది. నేను పెళ్లి కానిదాన్ని, చిన్న తెలుగు బడిలో పంతులమ్మని. రైల్వేతో నాకిక ఏ సంబంధమూ లేదట! పుట్టి పెరిగిన ఇంట్లోంచి పొమ్మంటే ఒళ్లు మండిపోయింది.

అది తొంభైల మొదట్లో. ఝపటాపూర్ అవతల తక్కువ జీతాల వాళ్ల కోసం ఎనిమిది ఫ్లాట్లు కట్టారు. స్థలం సర్కారుది, కట్టుబడి ఒక ప్రైవేటు కంపెనీది. రోడ్డు మీది గొట్టం నుంచి భవనం దాకా నీళ్లు తెచ్చి అప్పగించే పని కూడా కంపెనీదే. చీటీలు తీస్తే నాకొకటి వచ్చింది. మా పక్క క్వార్టర్ అక్కకూ వచ్చింది. సొంత అక్క కాదు. ఒకే గోడకు అటూ ఇటూ ఇరవయ్యేళ్లు బతికాం. నాన్న పోయిన పదకొండు రోజులూ నన్ను పొయ్యి వెలిగించనివ్వలేదు, అన్నం వాళ్లింటి నుంచే. వాళ్లాయన ఆ ఏడే రిటైరవుతున్నాడు. ఆవిడ వస్తుందన్న ధైర్యంతోనే నేను సామాను సర్దాను.

తాళాలిచ్చే రోజు అందరికన్నా ముందు నేనే వెళ్లాను. కంపెనీ మేనేజరు ఒక జాబితా నా ముందు పెట్టి, "దీదీ, ఎఖానే సోయి కొరున్," అని సంతకం చోటు వేలితో చూపించాడు. తలుపులు సరే, కిటికీలు సరే, కరెంటు సరే, నీళ్లు సరే. కుళాయి తిప్పి చూడొద్దూ? నా మొహం, చూస్తేనా! మా రైల్వేవాళ్లకు ఆ అలవాటే లేదు. క్వార్టర్ చేతికొచ్చేటప్పుడు ఇలాంటి జాబితా మీద కళ్లు మూసుకుని సంతకం పెడతాం. ఏది లేకపోయినా మర్నాడు ఆఫీసుకెళ్లి కంప్లైంటు పుస్తకంలో రాస్తే ఖలాసీ వచ్చి బిగించిపోతాడు. నాన్న బతుకంతా ఒక్క కుళాయి కొన్న పాపాన పోలేదు. నేనూ అలాగే గీకేశాను.

సాయంత్రం తిప్పితే కుళాయిలో చుక్క లేదు. రోడ్డు దాకా గొట్టం వెయ్యనేలేదు. మేనేజరు దగ్గరికి పరిగెత్తితే నా సంతకం చూపించాడు. సర్కారు ఆఫీసుకెళితే గుమాస్తా కూడా అదే చూపించాడు. ఎనిమిది ఇళ్లకూ ఒకటే గొట్టం కాబట్టి, నీళ్లందాయని నేను రాసిచ్చాను కాబట్టి, కంపెనీ పని అయిపోయినట్టేనట. నా ఒక్క గీతతో అందరికీ నీళ్లొచ్చేశాయన్నమాట! వారం తిరిగేసరికి కంపెనీ షెడ్డు పీక్కుని పోయింది. రాయడానికి ఏ పుస్తకమూ లేదు. సొంతిల్లంటే ఇదా అని గుమ్మంలో కూచుని ఏడ్చాను.

సంగతి తెలిసి మిగతా ఏడు కుటుంబాలూ తాళాలు తీసుకోలేదు. నా క్వార్టర్ గడువు దాటిపోయింది, వెనక్కి పోయే దారి లేదు. అంత భవనంలో నేనొక్కదాన్నే. రోడ్డు పక్క బోరింగు నుంచి పొద్దున రెండు బిందెలు మోసుకునేదాన్ని. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా గడిచేవి. అప్పుడప్పుడు నన్ను నేనే పైకి తిట్టుకునేదాన్ని, ఏదో ఒక గొంతు వినబడుతుంది కదాని. అక్క వస్తే చాలు, నీళ్లు రాకపోయినా పర్వాలేదనుకునేదాన్ని.

నాలుగు నెలలకి అక్క రిక్షా దిగింది, చేతిలో కూరగిన్నెతో.

"ఎప్పుడొచ్చేస్తున్నావు అక్కా?" అన్నాను, లోపలికి రాకముందే.

"పూరీ గేట్ కాడ అద్దికిల్లు తీసుకున్నాం పిల్లా. మీ బావకి మోకాళ్లు నొప్పులు, నీళ్లు మొయ్యలేడు. ఈ ఇల్లు మాకొద్దని ఆఫీసులో రాసిచ్చేసినాం."

"నా సంతకం వల్లే కదా. తిట్టు, తిట్టేసి పో!"

"తిట్టడానికేటుందే? నేనైనా సంతకం ఎట్టేద్దును." గిన్నె రెండో చేతికి మార్చుకుంది. "చీటీలో నాకు మేడమీదిది వచ్చింది, నీకు తెల్దు. నీ పక్కిల్లు వచ్చినాయన్ని బతిమాలి మార్చుకున్నాను. ఒక్కదానివీ ఎలాగుంటావోనని."

గిన్నె అందుకుని కూర వేరేదాంట్లోకి తీశాను. కడిగిద్దామని చూస్తే బిందెలో అడుక్కి కాసినే ఉన్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కడక్కులే, ఇలాగే ఇచ్చియ్. మా ఇంటికాడ నీళ్లున్నాయి."